నడిమి బెజ్జం

కత్తిపీటకు కత్తి బిగించడం పెద్ద విద్యేమీ కాదు. కత్తి తోకను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, పీటలో ముందే తొలిచిన బెజ్జంలోకి దించాలి. అంతే. అయితే దించే ఆ క్షణంలో చెక్క చుయ్యిమంటుంది. పొగ లేస్తుంది. కాలిన తుమ్మ వాసన ముక్కులోకి సూటిగా వెళ్ళి అక్కడే తిష్ఠ వేస్తుంది. నిన్న పొద్దున మా పెరట్లో నేను ఆ పనిలో ఉండగా కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. "ఏందత్తయ్యా ఈ పొగ! బజారుకెళితే దొరకదా కత్తిపీట?" అంది. ఎందుకు దొరకదు, నరసరావుపేటలో కత్తిపీటలకు కరువా? అరవై దాటిన రిటైర్డు టీచరమ్మ బాడిస పట్టుకుని గొంతుక్కూర్చుంటే గోడ పక్కనుంచి పోయేవాళ్ళకు తమాషాగా ఉంటుందని నాకూ తెలుసు. ఏం చెయ్యను, నా చేతులు ఊరుకోవు. వాటికి ఆ రోగం అంటించినాయన యోబు మాస్టారు. కాలిన తుమ్మ వాసన తగిలితే చాలు, ఆయనతోపాటు ఆయన ఆడిన ఒక అబద్ధం కూడా గుర్తొస్తుంది. అబద్ధం ఆయనది. నోరు మూసుకుని దాన్ని కాపాడింది నేను.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. టీచరు ట్రైనింగు ముగించుకుని గురజాల దగ్గరి ఒక పల్లెలో మిషను బడికి వచ్చాను. నాకు ఇరవై నిండలేదు. సత్తెనపల్లిలో పుట్టి పెరిగినదాన్ని, బస్సు మోత వినపడని ఊళ్ళో ప్రాణం నిలవలేదు. బడి వెనక గదిలో దింపిన ట్రంకుపెట్టెలోంచి బట్టలు బయట సర్దుకోలేదు, కావలసింది తీసుకుని మళ్ళీ తాళం వేసేదాన్ని, ఎప్పుడైనా లేచిపోవచ్చని. యోబు మాస్టారు ఆ బడికి హెడ్మాస్టరు. మేమిద్దరమే పంతుళ్ళం, నాలుగు తరగతులు. మొదటి రోజు ఆయన నా మొహం కూడా చూడలేదు, నా కుర్చీ కాళ్ళు చూశాడు. "లే అమ్మాయ్, లే. దాని ఎడమకాలు కురచ. నువ్వొచ్చేలోపు చేద్దామనుకున్నా, కుదర్లా" అంటూ నన్ను లేపి, కుర్చీ తిరగేసి, జేబులోంచి చిన్న ఉలి తీశాడు. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. ఆయన చెక్క గీకుతూనే, తల ఎత్తకుండా, "ఏడారులు ఎంతరా? మళ్ళీ చెప్పు" అని తప్పు పట్టుకుంటున్నాడు. ఇదేం మనిషిరా దేవుడా అనుకున్నాను.

నాలుగు రోజులు నన్ను గమనించి, ఐదో రోజు బడి వదిలాక అడిగాడు. "నీకీ ఊళ్ళో ఉండబుద్ధి కావట్లా, అవునా?"

"మీకెవరు చెప్పారండీ?"

"ఒకరు చెప్పాలా ఏంది? బల్ల కింద నీ కాళ్ళు చూస్తన్నాగా, ఊరంతా తిరిగొస్తన్నయ్. చేతులకు పనిపెట్టు, కాళ్ళు కుదురుకుంటయ్."

అలా మొదటిసారి చెక్క నున్నజేసే చిత్రిక పట్టుకున్నాను, ఆయన ఇంటి పంచలో, నాలుగు తాటిదూలాల కింద. ఆడపిల్ల చేతికి చిత్రికేమిటని ఊరికి ఎడంగా ఉన్న మా క్రైస్తవుల పేటలో నవ్వారు. ఆయన భార్య సంతోషమ్మ అక్క మాత్రం, "పట్టుకో సలోమీ, నీ పుణ్యమా అని ఈ కొంపలో ఒక్క వస్తువన్నా పూర్తవుద్దేమో" అంది. ఆమె బాధ ఆమెది. ఆ ఇంట్లో ఏదీ పూర్తిగా ఉండేది కాదు. కోళ్ళగూటికి తలుపు లేదు. గోడ అలమరకు అరలు లేవు. చర్చికి చేస్తానన్న, బైబిలు వాక్యం చదివే బల్ల రెండేళ్ళుగా గోడకు చేరగిలబడి ఉంది. "మూడుకాళ్ళ పీట చేశాడమ్మా మీ మాస్టారు. రెండు కాళ్ళు చేశాడు, మూడో కాలు నేనే" అని ఆమె మోకాలు అడ్డం పెట్టి ఆ పీట మీద చిన్నపిల్లను కూర్చోబెట్టి తల దువ్వేది.

ఆయన సోమరి అనుకుంటారేమో, కానే కాదు. పొద్దున చేను, ఆ తర్వాత బడి, సాయంత్రం ఇద్దరు పిల్లలు, పాడిగేదె, ప్రార్థన. వీటి మధ్య మిగిలిన సందుల్లో ఆయన చెక్కపని. ఆ సందులు ఏనాడూ చాలేవి కావు. అన్నం ముందు కూర్చుని కంచం అంచును వేలితో కొలిచేవాడు. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆయన చర్చి దూలానికి వేసిన అతుకు చూస్తూ ఉండేవాడు. ఎవరు పిలిచినా "ఒక్క నిమిషం" అనేవాడు. ఆ నిమిషం అయిపోయేది కాదు, పిలిచినవాళ్ళ పనీ అయ్యేది కాదు, చేతిలో పని అంతకంటే అయ్యేది కాదు. అయినా ఆయన చేసిన దాంట్లో పూర్తయినంత మేరకు వంక పెట్టడానికి ఉండేది కాదు. పంతులు చేతి పని వడ్రంగి పనికి తీసిపోదని ఊరు అనాలి, అదీ ఆయన యావ.

సంతోషమ్మ అక్కకు మాత్రం ఊళ్ళో అప్పటికే ఒక పేరుంది. విత్తనం పోసే చెయ్యి ఆమెది. ఆ పని చూడనివాళ్ళ కోసం చెబుతాను. మూడు పళ్ళ గొర్రును ఎడ్లు లాగుతుంటే దాని మీద జడ్డిగం అనే చెక్కగిన్నె ఉంటుంది. గిన్నె అడుగున వరసగా మూడు బెజ్జాలు. వాటి కిందనుంచి మూడు వెదురుగొట్టాలు మూడు సాళ్ళలోకి దిగుతాయి. గొర్రు వెనకే నడుస్తూ ఒక మనిషి గుప్పిట్లోంచి ఆ గిన్నెలోకి గింజలు వదులుతూ ఉండాలి. గుప్పిట ఎక్కువ తెరిస్తే మొలక ఒత్తుగా వస్తుంది, తక్కువ తెరిస్తే పలచబడుతుంది. ఏడాది తిండి ఆ గుప్పిట్లో ఉంటుంది. సంతోషమ్మ పోసిన చేను గీత గీసినట్టు మొలిచేది. పేట దాటి ఊళ్ళో పెద్దరైతు రంగయ్య గారి ఇంట్లో కూడా తొలకరికి మొదటి గుప్పిట ఆమె పొయ్యాల్సిందే. పేటవాళ్ళను గడప లోపలికి రానివ్వని ఇల్లు అది, చేలో మాత్రం "సంతోషమ్మ వచ్చిందా?" అని అడిగి మరీ గొర్రు కట్టేవాళ్ళు. ఆమెకు అదొక్కటే గర్వం. ఉండదా మరి?

ఆ ఏడు వాళ్ళ పాత జడ్డిగం పగిలింది. తొలకరి ముందు వడ్రంగి వీరాచారి దగ్గర ఊరంతా బారులు తీరి ఉంది. "పది రోజులు ఆగు మాస్టరూ" అన్నాడాయన. మాస్టారికి కావలసిందీ అదే. "ఆగేదేంది, నేను చేస్తా" అని ముదురు తుమ్మ మొద్దు ఒకటి పట్టుకొచ్చాడు. గిన్నె తొలవడానికే ఇరవై రోజులు పట్టింది. మధ్యలో చిన్నపిల్లకు జ్వరం, గేదె ఈనడం, బడికి కొత్త తాటాకు కప్పించడం. చివరికి ఒక పొద్దున బర్మాతో మూడు బెజ్జాలూ వేశాడు. బర్మా వేసిన బెజ్జంలో పీచు లేచి ఉంటుంది. ఎర్రగా కాల్చిన చువ్వ దూర్చి తిప్పితే ఆ పీచు మాడిపోయి లోపల అద్దంలా నున్నబడుతుంది, గింజ జారుతుంది. రెండు చివరలా ఉన్న బెజ్జాలు కాల్చాడు. నడిమి బెజ్జం కోసం చువ్వ మళ్ళీ నిప్పుల్లో పెట్టాడు. ఇంతలో ఇనస్పెక్టరు గారు గురజాలలో దిగి బండి కట్టించుకున్నారని కబురు. చువ్వ నిప్పుల్లోనే వదిలేసి ఇద్దరం బడికి పరుగు.

ఆ సాయంత్రమే వాన పడింది. మర్నాటికి నేల పదునెక్కింది. సంతోషమ్మ అక్కకు అన్న అయిన సుందరం ఎడ్లు తెచ్చాడు, అవీ ఒక్క రోజుకే. తడిసిన పొయ్యి అంటుకోవడం లేదు. "గింజలు నాలుగు పోసి చూడాల్సింది" అన్నాడు మాస్టారు, గిన్నె చేతిలో తిప్పుతూ. సంతోషమ్మ ఒప్పుకోలేదు. విత్తనం కుండలోంచి ఒకసారి తీస్తే నేలలోకే పోవాలి తప్ప మళ్ళీ కుండలో పొయ్యకూడదని ఆమె పట్టింపు, అక్కడందరి పట్టింపూ అదే. అప్పుడు, "పోనీ ఇసక పోసి చూద్దాం మాస్టారూ" అన్నది ఎవరనుకున్నారు? నేనే. పంచలో మూలనున్న పొడి ఇసక తెచ్చి పోశాను. మూడు బెజ్జాల్లోంచీ సన్నగా ధారకట్టింది. "చూశావా? కాల్చకపోయినా జారతంది" అని ఆయన నాతో మెల్లగా అన్నాడు. ఇసక ఎక్కడైనా జారుతుందన్న ఇంగితం చదువుకున్న ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది. రైతు ఎవడూ చెయ్యని పొరపాటు, పంతుళ్ళం గనక చేశాం.

చేలో మాస్టారు ఎడ్లు తోలుతుంటే సంతోషమ్మ వెనకే విత్తనం పోస్తోంది, నేను గట్టు మీద మంచినీళ్ళ కుండతో నిలబడ్డాను. రెండో సాలు తిరిగి వస్తుండగా సంతోషమ్మ ఆగింది. "ఇదుగో, నడిమి బెజ్జం పట్టేస్తంది. గింజ నిలబడతంది. ఒక్కసారి ఆపు, చూద్దాం" అంది. పక్కచేలో నలుగురు రైతులు గొర్రు ఆపి చూస్తున్నారు. మాస్టారి మొహం ఎర్రబడింది. "బెజ్జంలో ఏం లేదు. చెయ్యి తడబడతంది నీకు. కుదురుగా పొయ్యి" అన్నాడు, అందరికీ వినపడేటట్టు. ఆమె తన చెయ్యి వంక చూసుకుంది, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు. చిన్న పుల్లతో బెజ్జం ఒకసారి పొడిచి మళ్ళీ నడిచింది. ఆయన నా వైపు చూశాడు. నేను కుండ మీద మూత సర్దుకున్నాను.

ఆరో రోజుకు మొలక కనపడింది. ఆ చేను చదవడానికి అక్షరాలు రానక్కర్లేదు. రెండు సాళ్ళు ఒత్తుగా, నడుమ సాలు బోడిగా. మళ్ళీ రెండు ఒత్తుగా, నడుమ బోడి. మూడెకరాలూ అంతే. తడి పీచుకు గింజలు పట్టుకుని నడిమి గొట్టం మూసుకుపోతే, దాని వంతు కూడా పక్క రెండింట్లోకి పోయింది. దారినపోయే ప్రతివాళ్ళూ ఆగి చూశారు. "ఏమే సంతోషమ్మా, చేతికి ముసలితనమొచ్చిందా?" అని ఒకామె నవ్వింది. నవ్వులాటకే అన్నా, ఆ మాట సాయంత్రానికి ఊరు చుట్టింది. వీరాచారి కూడా వచ్చాడు. గట్టు మీద కూర్చుని చేనును చాలాసేపు చూసి, "మాస్టరూ, మూడు బెజ్జాలూ కాల్చావా?" అని అడిగాడు.

"కాల్చా."

"అట్టయితే చెయ్యే" అని లేచి తుండు దులుపుకుని వెళ్ళిపోయాడు. నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను. నా నోట్లో నాలుక లేదా? ఉంది. క్లాసులో పిల్లాడు అబద్ధం చెబితే బెత్తం తీసే నాలుక. ఆ రోజు పలకలేదు.

వారానికి రెండో వాన పడింది. రంగయ్య గారి చేలో గొర్రు కట్టారు. మొదటి గుప్పిటకు పై వీధిలో ఇంకొకామెను పిలిచారు. ఆ రోజంతా మాస్టారు కాలు నిలవక తిరిగాడు. బడిలో ఊరికే పిల్లల మీద అరిచాడు. పది రోజులుగా పనిముట్లు ముట్టుకోలేదు. బొటనవేలితో చూపుడువేలిని అరగదీస్తున్నట్టు రుద్దుకుంటూ వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి. నాకు కోపం తన్నుకొచ్చి అనేశాను. "చెప్పెయ్యండి మాస్టారూ. మనిద్దరికీ తెలుసుగా."

"ఏం చెప్పాలమ్మాయ్? పంతులు పలక దిద్దుకోక గిన్నె తొలిచాడు, పెళ్ళాం చేను బోడి చేశాడు అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట పడకుండా బతికా."

"అక్క పడుతోందిగా!"

ఆయన లోపలికి పోబోయి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన భుజం పక్కనుంచి నేనూ చూశాను. పెరట్లో సంతోషమ్మ అక్క వంగి నడుస్తోంది. గుప్పిట్లో ఇసక. నేల మీద మెల్లగా వదులుతూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి, వెనక్కి తిరిగి ఆ గీతను చూసుకుంటోంది. కాలితో చెరిపి మళ్ళీ పోస్తోంది. గీత ఎక్కడా తెగలేదు, ఎక్కడా లావెక్కలేదు. ఆమెకు నమ్మకం చాలడం లేదు. మళ్ళీ చెరిపింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుతో వచ్చిన ఏడుపు. మాస్టారు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, ఒక్క నిమిషం అనలేదు.

మర్నాడు పొద్దున్నే జడ్డిగం చంకలో పెట్టుకుని వీరాచారి దొడ్డికి బయల్దేరాడు. నన్ను రమ్మనలేదు, నేనే వెంటపడ్డాను. అక్కడ పదిహేను మంది రైతులు నాగళ్ళతో, కాడిమాన్లతో కూర్చుని ఉన్నారు. "ఈరాచారీ, దీన్ని నడిమి బెజ్జం మీదుగా అడ్డంగా కొయ్యి" అన్నాడు మాస్టారు.

"ఏందయ్యా, బంగారమంటి చెక్క. ఎందుకు?"

"నువ్వు కొయ్యి. నే చెప్తా."

రంపం దిగింది. గిన్నె రెండు చెక్కలైంది. బెజ్జం నిలువునా చీలి లోపలంతా బయటపడింది. తడికి ఉబ్బిన పీచు, దాని మధ్య ఇరుక్కున్న జొన్నగింజలు, ఐదో ఆరో. అవి అక్కడే మొలకెత్తి, వేళ్ళు దిగే చోటులేక ఎండిపోయి ఉన్నాయి. మాస్టారు ఆ ముక్క పైకెత్తి పట్టుకున్నాడు. "నడిమిది కాల్చలా. కాల్చానని అబద్ధమాడా. చేలో ఆమె ఆగమంటే చెయ్యి తప్పన్నా. చెయ్యి తప్పు కాదు, బెజ్జం తప్పు. ఇది చేసింది నేను."

వీరాచారి ఆ పీచును గోరుతో గీకి చూశాడు. "కాల్చకపోవటం ఏముంది మాస్టరూ, అది మాకూ జరుగుద్ది. కాల్చానన్నావు చూడు, అది మా పనిలో లేదు" అన్నాడు. బడిలో ఎవరూ ఆయనను అలా అని ఉండరు. మాస్టారు తల ఊపి, రెండు ముక్కలూ తీసుకుని, ఆమెను విత్తనానికి పిలిచే ఇళ్ళన్నిటికీ తిరిగాడు. రంగయ్య గారి వాకిట్లో కూడా నిలబడి చెప్పాడు. ఆ పూట నాలుగు తరగతులూ నేనే చూసుకున్నాను. ఏం చెప్పానో నాకే గుర్తు లేదు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఆ ముక్కలు సంతోషమ్మ అక్క ముందు పెట్టాడు. కబురు అప్పటికే ఆమెకు చేరింది. "ఊరందరికీ చెప్పొచ్చా" అన్నాడు.

"ఊరందరికీ చెప్పావు. నాకెవరు చెప్పాల?"

ఆయన బిత్తరపోయాడు. అంత తిరిగినా ఆ ఇల్లొక్కటి మరిచిపోయాడు. నేల మీద చతికిలబడి, ఆమె మొహం చూడలేక ఆమె చేతులు చూస్తూ అన్నాడు. "నువ్వు ఆగమన్నప్పుడు ఆగాల్సింది. నీ చెయ్యికి తెలిసింది నాకు తెలవలా. తెలిసినాక కూడా చెప్పలా. తప్పు నాది."

"ఆఁ" అంది ఆమె. అంతే. లేచి పొయ్యి మీద కుండ దించింది. ఆయన వెళ్ళాక నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి, "అక్కా, నాకు మొదట్నుంచీ తెలుసు" అన్నాను. ఆమె కట్టె ఎగదోస్తూ, "తెలుసని తెలుసు. నువ్వు కుండ మీద మూత సర్దుకున్నప్పుడే తెలుసు. ఎప్పుడు చెప్తావా అని చూస్తన్నా" అంది. ఆ మాటకంటే ఒక దెబ్బ కొట్టినా బాగుండేది. ఆ సాయంత్రం ఎందుకో ట్రంకుపెట్టె తాళం తీసి బట్టలు కొయ్యకు తగిలించాను.

బోడి సాళ్ళలో మేం ముగ్గురం వంగి కందులు నాటాం. ఆ ఏడు వాళ్ళకు జొన్న తగ్గింది, కంది బాగా వచ్చింది. పెసర విత్తనానికి రంగయ్య గారింటి నుంచి కబురొస్తే సంతోషమ్మ, "వస్తా. గొర్రు నేను చూసినాకే కట్టాల" అని తిరుగు కబురు పంపింది. ప్రతి బెజ్జంలో చిటికెనవేలు దూర్చి తిప్పి చూశాకే గుప్పిట తెరిచేది. వీరాచారి చేసిన వాటిని కూడా వదిలేది కాదు. ఆయనేమీ అనుకోలేదు, "చూడమ్మా, చూడు" అనేవాడు.

మాస్టారు మారిపోయాడని మాత్రం చెప్పను. ఆ పీటకు మూడో కాలు నేను ఆ ఊరు వదిలేదాకా రాలేదు. ఒక్క నిమిషాలూ తగ్గలేదు. కానీ చేసింది ఎవరి చేతికిచ్చినా, "వాడి చూసి చెప్పు" అనేవాడు. వాళ్ళు వంక చెబితే దవడ బిగుసుకునేది, కోపం గొంతుదాకా వచ్చేది, చూస్తే తెలిసేది. దాన్ని మింగి, వస్తువు తిరగేసి చూసేవాడు. నాకు పెళ్ళై బదిలీ మీద వెళుతుంటే జడ్డిగం సగం ముక్క నా చేతిలో పెట్టాడు. రెండోది వాళ్ళింటి దూలానికి వేలాడుతూ ఉండేది. నాది ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. కాల్చిన వైపు నల్లగా, కాల్చని చోట పీచుగా. ఉద్యోగం, ముగ్గురు పిల్లలు, అత్తగారి మంచం, వీటి సందుల్లో నలభై ఏళ్ళు నేనూ చెక్క గీకాను. సగంలో ఆపినవి మా ఇంట్లోనూ తక్కువేం కాదు, మా ఆయన్ని అడిగితే వరసగా చెబుతాడు.

నిన్న కత్తిపీట చల్లారాక కోడలు దోసకాయ తెచ్చుకుని దాని మీద కూర్చుంది. రెండు ముక్కలు కోసి ఆగింది.

"ఊగుతోందత్తయ్యా."

ఎలా ఊగుతుంది? చేసేటప్పుడు మూడు సార్లు గచ్చు మీద పెట్టి చూశాను. 'నువ్వే సరిగ్గా కూర్చోలేదు' అన్న మాట పళ్ళ దాకా వచ్చింది. నా దవడ బిగుసుకోవడం నాకే తెలిసింది.

"లేమ్మా, చూద్దాం" అన్నాను. పీట తిరగేశాను.

ఎడమ కాలు గోరంత కురచ.